ఎల్ఏడీలో బ్రిడ్జింగ్ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎలా?

గుండెకి సీటీ యాంజియో తీయించుకున్నవాళ్ళ రిపోర్టుల్లో ఒక వాక్యం తరచుగా తగులుతుంటుంది: "మిడ్ ఎల్ఏడీలో మయోకార్డియల్ బ్రిడ్జింగ్ ఉంది." అంతే. ఎంత పొడవు, ఎంత లోతు, గుండె ఏ దశలో ఉండగా చూశారు, ఏమీ ఉండదు. ఆ కాగితం రాజమండ్రిలో చేతికొస్తుంది. బస్సు రావులపాలెం దాటేలోపు "బ్రిడ్జంట" కాస్తా "బ్లాకంట" అవుతుంది, అమలాపురంలో దిగేసరికి "స్టెంటు వెయ్యాలంట" అయిపోతుంది. తప్పు ఆ ఇంటివాళ్ళది కాదు. వాళ్ళ చేతిలో పెట్టిన వాక్యంలో సమాచారమే లేదు. అందుకే ఈ పోస్టు స్కాన్ తీసేవాళ్ళకీ, చదివేవాళ్ళకీ, ఆ రిపోర్టు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్ళకీ కలిపి రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. మామూలుగా కరోనరీ ధమనులు గుండె పైపొర మీద, కొవ్వులో పడుకుని నడుస్తాయి. కొందరిలో నాళం మధ్యలో కొంతదూరం కండలోకి దిగి, అవతల మళ్ళీ పైకి తేలుతుంది. మన డెల్టాలో పంటకాలువ అడుగు నుంచి మురుగుకాలువని దాటించే అండర్ టన్నెళ్ళు చూసినవాళ్ళకి దీన్ని బొమ్మ గీసి చెప్పక్కర్లేదు. పైన కప్పుగా ఉన్న కండ బ్రిడ్జి, కింద దూరిన ముక్క సొరంగం. తేడా ఒకటే. టన్నెల్ కప్పు కదలదు, ఈ కప్పు నిమిషానికి 70 సార్లు దిగి నొక్కి లేస్తుంది. ఏ నాళంలోనైనా ఉండొచ్చుగానీ ఎక్కువగా ఉండేది ఎల్ఏడీ మధ్యభాగంలోనే, అంటే రెండు జఠరికల నడుమ గుండె ముందువైపు గాడిలో దిగే నాళంలో.

ఇది కొత్త జబ్బేం కాదు. 1737లోనే రేమాన్ శవపరీక్షలో చూసి వర్ణించాడు. యాంజియోలో నాళం నొక్కుకుపోవడాన్ని 1960లో పోర్ట్‌మన్, ఇవిగ్ రాశారు. లెక్కలు మాత్రం చూసే పద్ధతిని బట్టి మారిపోతాయి. శవపరీక్షల్లో సుమారు 40 శాతం మందిలో కనిపిస్తుంది, సీటీలో సుమారు 20 శాతం మందిలో, క్యాథెటర్ యాంజియోలో, అంటే సన్నగొట్టం గుండె నాళందాకా పంపి రంగు ఎక్కించి చూసే పరీక్షలో, 5, 6 శాతం దాటదు. కారణం తేలికే. క్యాథెటర్ యాంజియోలో కనబడేది నాళం లోపలి రంగు నీడ మాత్రమే. కండ నొక్కి ఆ నీడ సన్నబడితేనే అనుమానం వస్తుంది. సీటీ నాళంతోపాటు దాని చుట్టూ ఉన్న కొవ్వునీ కండనీ కూడా చూపిస్తుంది, నొక్కినా నొక్కకపోయినా. కాబట్టి సీటీ మిషన్లు పెరిగేకొద్దీ ఈ వాక్యం కూడా పెరుగుతుంది. జనంలో బ్రిడ్జిలు పెరగలేదు, కనబడటం పెరిగింది.

ఎక్కువమందికి దీనివల్ల ఏమీ కాదు. ఎడమ జఠరికకి వెళ్ళే రక్తంలో దాదాపు 85 శాతం డయాస్టోల్‌లోనే, అంటే గుండె వదులైనప్పుడే వెళ్తుంది. కండ నొక్కేది సిస్టోల్‌లో, ముడుచుకున్నప్పుడు. ఎలాగూ పెద్దగా పారని వేళలో తూము మూస్తే చేనుకి లోటేముంది? లోటు వచ్చేది రెండు సందర్భాల్లో. ఒకటి, కండ లోతుగా, పొడవుగా ఉండి సిస్టోల్ అయిపోయాక కూడా వెంటనే వదలకుండా డయాస్టోల్ మొదటి భాగాన్ని కూడా మింగేస్తున్నప్పుడు. రెండు, గుండె వేగం పెరిగినప్పుడు. నిమిషానికి 60 కొట్టుకునే గుండెకి ఒక్కో కొట్టుకోవడానికి 1000 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 120కి అయితే 500. ఆ కోత ఎక్కువగా పడేది డయాస్టోల్ మీదే. అందుకే కూర్చున్నప్పుడు హాయిగా ఉన్న మనిషికి గట్టు మీద బరువు మోసుకుంటూ నడిచినప్పుడు ఛాతీ పట్టేస్తుంది.

ఇంకో సంగతి బ్రిడ్జి కంటే ముఖ్యం అంటాను నేను. సొరంగంలో ఉన్న ముక్కకి కొవ్వుపూత దాదాపు పట్టదు. దానికి ఎగువన, అంటే నాళం దిగేచోటుకి ముందున్న రెండు మూడు సెంటీమీటర్లలో మాత్రం పడుతుంది. ప్రతి సిస్టోల్‌కీ అక్కడ ప్రవాహం ఎదురుతన్ని, గోడ మీద రాపిడి తగ్గి, సుడులు తిరుగుతుంది. తూము ముందు గుర్రపుడెక్క, చెత్త పేరుకున్నట్టే అనుకోండి. రిపోర్టు చదివేవాళ్ళు బ్రిడ్జి మీద చూపు పెట్టి ఎగువన ఉన్న మెత్తటి పూతని వదిలేస్తే అసలు దొంగ తప్పించుకున్నట్టు.

ఇక స్కాన్ దగ్గరికి వద్దాం. చాలా తప్పులు ఇక్కడే, మనిషి బల్లెక్కక ముందే జరిగిపోతాయి.

గుండె వేగం 60, 65 లోపు ఉండాలి. ముందురోజు రాత్రి నుంచీ, అంటే 12 గంటలపాటు కాఫీ, టీ వద్దని చెప్పాలి. "కాఫీ తాగొద్దు" అని మాత్రమే చెబితే "ఆయ్, కాఫీ ముట్టలేదండీ, టీ తాగానంతే" అంటారు. రెండూ పేరుపేరునా చెప్పండి, చుట్ట, బీడీ, సిగరెట్లతో సహా. నాలుగు గంటలు తిండి ఆపితే చాలు, నీళ్ళు ఆపక్కర్లేదు. ఎండాకాలంలో లంక ఊళ్ళ నుంచి పొద్దున్నే బయల్దేరి నీళ్ళు కూడా మానేసి వచ్చేవాళ్ళుంటారు. ఒంట్లో నీరు తగ్గితే కాంట్రాస్ట్ (నాళాలు కనబడటానికి నరంలోకి ఎక్కించే రంగుమందు) భారం కిడ్నీల మీద పడుతుంది, నరమూ దొరకదు. క్రియాటినిన్ ముందే చూసి ఉండాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) 30 లోపు ఉంటే కాంట్రాస్ట్ గురించి డాక్టరు మళ్ళీ ఆలోచించాలి, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి ఆ మాత్ర ఎన్నాళ్ళు ఆపాలో కూడా ఆయనే చెప్పాలి.

రొయ్యల సంగతి. భీమవరం చుట్టుపక్కల ఈ ప్రశ్న రాని రోజుండదు: "రొయ్యలు తింటే దద్దుర్లొస్తాయండి, ఈ ఇంజెక్షన్ పడుతుందా?" రొయ్య పడకపోవడానికి కారణం దాని కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీను, అయోడిన్ కాదు. రొయ్యలు పడకపోతే కాంట్రాస్ట్ పడదన్న నియమం లేదు. ఏ ఎలర్జీ ఉన్నవాళ్ళనైనా జాగ్రత్తగా గమనించినట్టే వీళ్ళనీ గమనిస్తే చాలు. గట్టిగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "ఇంతకుముందు సీటీ ఇంజెక్షన్ చేసినప్పుడు ఏమైనా అయిందా?"

వేగం తగ్గించడానికి సాధారణంగా మెటోప్రొలాల్ 50 నుంచి 100 మి.గ్రా. గంట ముందు మాత్రగా ఇస్తారు. సరిపోకపోతే డాక్టరు పక్కనుండి నరంలోకి 5 మి.గ్రా. చొప్పున ఇస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఈ మందు పనికిరాదు, వాళ్ళకి ఐవాబ్రడిన్ లాంటిది చూడాలి. మాత్ర వేసిన గంటసేపూ మనిషిని నిలబెట్టకుండా, మెట్లెక్కించకుండా కూర్చోబెట్టండి. మందు ఎంత పనిచేస్తుందో ఆ కూర్చోవడమూ అంత పనిచేస్తుంది.

నాళాలు విప్పారడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ 0.4 నుంచి 0.8 మి.గ్రా. ఇచ్చి మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగుతారు. వయాగ్రా తరహా మందులైన సిల్డెనఫిల్ 24 గంటల్లోపు, తడలఫిల్ 48 గంటల్లోపు వేసుకున్నవాళ్ళకి ఇది ప్రమాదం, బీపీ పడిపోతుంది. ఈ ప్రశ్న మగవాళ్ళని విడిగా అడగాలి. పక్కన కోడలు నిలబడి ఉండగా అడిగితే నిజం రాదు. గుండె కండ మందంగా పెరిగి రక్తం బయటికెళ్ళే దారి ఇరుకైనవాళ్ళకి కూడా నైట్రోగ్లిజరిన్ మంచిది కాదు. ఆ కండమందం జబ్బున్నవాళ్ళలో బ్రిడ్జింగ్ మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఎకో రిపోర్టు చూడకుండా మాత్ర ఇవ్వకండి.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ గుండె కొట్టే బలాన్ని తగ్గిస్తుంది, దాంతో బ్రిడ్జి నొక్కుడూ తగ్గుతుంది. నైట్రోగ్లిజరిన్ దానికి ఎదురు. పైనున్న నాళాన్ని విప్పార్చి, సొరంగం ముక్కని పోలికలో మరింత సన్నగా చూపిస్తుంది. ఒకటి తగ్గించి, ఒకటి పెంచి, మనిషిని పడుకోబెట్టి, 58 వేగంలో తీసిన బొమ్మ అది. దాంట్లో కనబడిన నొక్కుడు శాతం ఆయన గట్టు మీద నడిచేటప్పుడు జరిగేదానికి కొలత కాదు. బొమ్మ బాగా రావాలంటే ఈ రెండు మందులూ కావాలి, వాటిని మానమని కాదు. ఏయే మందులిచ్చి తీశారో, తీసేటప్పుడు వేగమెంతో రిపోర్టులో రాయమంటున్నాను.

సూది విషయం క్లుప్తంగా. కుడి మోచేతి మడతలో 18 గేజ్ క్యాన్యులా, 350 లేదా 370 బలం (మి.లీ.కి అన్ని మి.గ్రా. అయోడిన్) కాంట్రాస్ట్ 65 నుంచి 75 మి.లీ., సెకనుకి 5 మి.లీ. వేగం, వెనక 40 మి.లీ. సెలైన్. ముందు చేత్తో సెలైన్ గట్టిగా తోసి నరం తట్టుకుంటుందో లేదో చూడాలి. ముంజేతి మీద సన్న నరంలో 22 గేజ్ పెట్టి సెకనుకి 5 మి.లీ. తోస్తే చెయ్యి బూరెలా పొంగుతుంది. బృహద్ధమనిలో మెరుపు 120, 150 హెచ్‌యూ (సీటీ బొమ్మలో మెరుపుని కొలిచే అంకె) దాటగానే స్కాన్ మొదలయ్యేలా పెడతారు. బ్రిడ్జింగ్ అనుమానం ముందే ఉంటే ఒక చిన్న మార్పు ఉపయోగపడుతుంది. కాంట్రాస్ట్ వెనక నేరుగా సెలైన్ కాకుండా, మధ్యలో సెలైన్ ఎక్కువ, కాంట్రాస్ట్ తక్కువ కలిపిన మిశ్రమం పంపితే కుడి జఠరికలో కొంచెం రంగు నిలుస్తుంది. కొన్ని లోతు బ్రిడ్జిల్లో ఎల్ఏడీ కుడి జఠరిక వైపు వంగి దాని గోడలోంచి పోతుంది. అక్కడి రక్తానికి బొత్తిగా రంగు లేకపోతే కండేదో రక్తమేదో తేడా తెలియదు.

ఊపిరి. మిషన్‌లో ఉన్న గొంతు ఇంగ్లీషులోనో హిందీలోనో చెబితే పెద్దవాళ్ళు అదేంటో అని తల తిప్పుతారు, గుండె పది అంకెలు పెరుగుతుంది. మీ గొంతుతో తెలుగులో రికార్డు చేసి పెట్టుకోండి. "గట్టిగా పీల్చి బిగపట్టండి" అనకండి. బిగపట్టమంటే నిజంగానే పొట్ట బిగించి ముక్కుతారు. బలంగా పీల్చినప్పుడు కింద నుంచి రంగులేని రక్తం ఎక్కువగా గుండెలోకి వచ్చి కాంట్రాస్ట్ పలచబడుతుంది. "కొంచెం గాలి తీసుకుని అలాగే ఆపండి" చాలు. రెండుసార్లు సాధన చేయించి, ఆపినప్పుడు వేగం ఎలా మారుతుందో ఈసీజీలో చూసుకోండి.

ఇప్పుడు అసలైన చోటు, ఏ దశలో తీయాలి అన్నది. రేడియేషన్ తగ్గించాలని చాలాచోట్ల ఈసీజీలో ప్రతి కొట్టుకోవడానికీ లేచే రెండు ఆర్ తరంగాల మధ్య కాలంలో 70 నుంచి 80 శాతం మధ్య మాత్రమే కిరణం వదులుతారు. మామూలు బ్లాకుల కోసం అది సరైన పద్ధతి, మోతాదు కూడా 2 నుంచి 5 మిల్లీసీవర్ట్‌ల దగ్గర ఉంటుంది. కానీ అది పూర్తిగా డయాస్టోల్. బ్రిడ్జి ఎక్కడుంది, ఎంత పొడవు, ఎంత లోతు అనేవి అందులో బ్రహ్మాండంగా కనిపిస్తాయి. ఎంత నొక్కుతోంది అన్నది మాత్రం కనబడదు, కనబడే అవకాశమే లేదు. అలాంటి స్కాన్ చూసి "నొక్కుడు లేదు" అని రాయడం రాత్రిపూట వెళ్ళి చూసి చేలో ఎండ లేదని రాయడం లాంటిది.

నొక్కుడు చూడాలంటే సిస్టోల్ చివరి భాగం, సుమారు 30 నుంచి 45 శాతం మధ్య, కూడా పట్టాలి. అందుకు రెండు దార్లు. కిరణం కిటికీని 30 నుంచి 80 శాతం దాకా విప్పడం ఒకటి, 60 వేగంలో అది కొట్టుకోవడానికి 500 మిల్లీసెకన్లు. లేదా రెట్రోస్పెక్టివ్ గేటింగ్‌తో మొత్తం చక్రాన్ని తీయడం. రెండోదానికి మోతాదు 10 మిల్లీసీవర్ట్‌లు దాటిపోవచ్చు. దాన్ని తగ్గించడానికి డయాస్టోల్ బయట ట్యూబ్ కరెంటు తగ్గించే సదుపాయం వాడతారు. అది 20 శాతానికి తగ్గిస్తే సిస్టోల్ బొమ్మ గింజలు గింజలుగా వచ్చినా పనికొస్తుంది. 4 శాతానికి తగ్గిస్తే ఆ బొమ్మలో ఎల్ఏడీ వెడల్పు కొలవడం వృథా. ఈ సెట్టింగు ఎక్కడుందో చూడకుండా "రెట్రో తీశాం" అనుకుంటే రోగికి రేడియేషన్ పడుతుంది, మనకి సిస్టోల్ దొరకదు. సన్నగా ఉన్నవాళ్ళకి ట్యూబ్ వోల్టేజి 120 బదులు 100 కేవీ పెడితే మోతాదు గణనీయంగా తగ్గుతుంది, కాంట్రాస్ట్ మెరుపు కూడా పెరుగుతుంది.

అందరికీ రెట్రో తీయమని అనను. మధుమేహం, బీపీ ఉండి బ్లాకు అనుమానంతో వచ్చిన 60 ఏళ్ళ మనిషికి మామూలు పద్ధతే మేలు. అందులో బ్రిడ్జి కనబడితే కొలతలు రాసి, "సిస్టోల్ చిత్రాలు తీయలేదు, నొక్కుడు అంచనా వేయలేదు" అని ఒక వాక్యం కలిపితే న్యాయంగా ఉంటుంది. శ్రమ చేస్తే నొప్పి వస్తూ, ట్రెడ్‌మిల్ తేడాగా ఉండి, బ్లాకులు ఉండే వయసు కాని 35 ఏళ్ళ మనిషికి మాత్రం ముందే కిటికీ విప్పాలి.

మిషన్ హద్దు కూడా గుర్తుపెట్టుకోవాలి. 0.35 సెకన్లకి ఒక చుట్టు తిరిగే ఒంటి ట్యూబ్ 64 స్లైస్ మిషన్ ఒక బొమ్మకి తీసుకునే సమయం సుమారు 175 మిల్లీసెకన్లు. జంట ట్యూబ్ మిషన్లలో అది 66 నుంచి 83 మధ్య ఉంటుంది. సిస్టోల్ చివర నాళం అతిసన్నగా ఉండే క్షణం 175 మిల్లీసెకన్లు నిలవదు. కాబట్టి పాత మిషన్‌లో కనబడిన నొక్కుడు అసలు కంటే తక్కువగా, మసకగా ఉండొచ్చు. వేగం అటూఇటూ అవుతున్నవాళ్ళలో సిస్టోల్ దశని శాతంలో కాకుండా ఆర్ తరంగం నుంచి మిల్లీసెకన్లలో ఎంచుకోండి. వేగం మారినా సిస్టోల్ పొడవు పెద్దగా మారదు, సాగేదీ కుంచించుకునేదీ డయాస్టోల్.

బొమ్మలు 0.6 మి.మీ. మందంలో, గుండె వరకే కుదించిన 180 నుంచి 200 మి.మీ. ఫీల్డులో (బొమ్మలో పట్టే వెడల్పులో) తయారుచేస్తే ఒక్కో చుక్క 0.4 మి.మీ. లోపు ఉంటుంది. ఛాతీ మొత్తానికి 350 ఫీల్డు పెట్టి దాంట్లో 2 మి.మీ. కండ కొలుస్తానంటే కుదరదు.

చదవడంలో మొదటి నియమం: రంగుల త్రీడీ బొమ్మ చూసి ఏదీ తేల్చకండి. అందులో ఎల్ఏడీ మధ్యలో మాయమై మళ్ళీ కనిపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, రోగికి చూపించడానికి పనికొస్తుంది. కానీ పైన పలచటి పొర ఉన్నా, కొవ్వు లోతుగా ఉన్నా, కాంట్రాస్ట్ తక్కువైనా అలాగే మాయమవుతుంది. నాళానికి అడ్డకోత పడేలా వంపుతిప్పిన బొమ్మని ఒక్కో మిల్లీమీటరు చొప్పున పైనుంచి కిందికి నడిపించండి. కొవ్వు దాదాపు మైనస్ 100 హెచ్‌యూ, కండ 100 దగ్గర, రంగు నిండిన నాళం 350, 400. మూడింటినీ విడదీసేలా విండో (తెర మీద నలుపు తెలుపుల హద్దులు) పెట్టుకోవాలి. నాళం మెరుపే నిండిపోయేలా పెడితే పైన ఉన్న మిల్లీమీటరు కండ ఆ మెరుపులో కరిగిపోతుంది.

అడ్డకోతలో నాళం చుట్టూ కొవ్వు ఉంగరం ఉంటే అది మామూలు. నాళం గాడిలో లోతుగా ఉన్నా చుట్టూ కొవ్వు కనిపిస్తే బ్రిడ్జింగ్ కాదు. ఒకపక్క కండకి ఆనుకుని, పైన పలచటి పొర మాత్రమే ఉంటే అసంపూర్ణం అని విడిగా రాయాలి. చుట్టూ కండ ఉంటేనే పూర్తిది. పైనున్న కండ 2 మి.మీ. లోపు ఉంటే పైపైది, 2 దాటితే లోతుది అని చాలామంది విడదీస్తారు. పొడవుగా విప్పిన బొమ్మలో నాళం మెట్టు దిగి మెట్టు ఎక్కినట్టు కనబడటం దీనికి మంచి గుర్తు.

పొరబాట్లు నాలుగైదు ఉన్నాయి. కండ 100 హెచ్‌యూ, నార ఎక్కువున్న కొవ్వుపూత కూడా అటూఇటూగా అంతే. కాబట్టి నాళం పక్కన ఆనుకున్న పలచటి కండని "సాఫ్ట్ ప్లాక్" అని, సన్నబడ్డ ముక్కని "50 శాతం బ్లాకు" అని రాసేస్తారు. అడ్డకోతలో ఆ బూడిదరంగు పొర గుండె కండతో కలిసిపోతోందో, నాళం గోడలోనే ఆగిపోతోందో చూస్తే తేలిపోతుంది. ఎల్ఏడీ పక్కనే నడిచే సిర రంగు పట్టకుండా నాళం మీదుగా దాటితే పైన కండ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. రెండు మూడు కోతలు ముందుకెళ్తే సిర పక్కకి తప్పుకుంటుంది, కండ తప్పుకోదు. ఊపిరి కదిలి బొమ్మ మెట్టు పడితే నాళం విరిగినట్టు కనిపిస్తుంది. అదే ఎత్తులో రొమ్ము ఎముక అంచు కూడా విరిగి ఉంటే తప్పు ఊపిరిది. కుడి కరోనరీ నాళం కర్ణిక గోడలోకి దూరితే దాన్నీ రాయాలి. రక్తప్రవాహానికి దాంతో ఇబ్బంది లేదుగానీ, తర్వాతెప్పుడో పేస్‌మేకర్ తీగ పెట్టేవాళ్ళకీ, అబ్లేషన్ (లయ తప్పించే చోటుని కాల్చే చికిత్స) చేసేవాళ్ళకీ తెలిసి ఉండాలి.

రిపోర్టులో ఉండాల్సిన కొలతలు ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. "ఎల్ఏడీ మొదలు నుంచి 42 మి.మీ. దూరంలో కండలోకి దిగింది. సొరంగం పొడవు 24 మి.మీ. డయాస్టోల్‌లో పైకండ గరిష్ఠ మందం 2.6 మి.మీ., పూర్తిగా చుట్టుకుంది. సొరంగం నుంచి రెండు సెప్టల్ శాఖలు (జఠరికల నడుమ గోడకి వెళ్ళేవి) బయల్దేరుతున్నాయి. వెడల్పు డయాస్టోల్‌లో 2.4, సిస్టోల్‌లో 1.6 మి.మీ. దిగేచోటుకి ఎగువన 15 మి.మీ.లో కాల్షియం లేని స్వల్ప పూత, 25 శాతం లోపు. మెటోప్రొలాల్, నైట్రోగ్లిజరిన్ ఇచ్చి 58 వేగంలో తీశాం." ఇంతే. ఒక్క పేరా.

ఈ ఉదాహరణలో నొక్కుడు ఎంత? వెడల్పులో 33 శాతం. కానీ చుక్క సైజు 0.4 మి.మీ. అయినప్పుడు ఆ 1.6 అనేది 1.2 కావచ్చు, 2.0 కావచ్చు. అంటే అసలు అంకె 17 నుంచి 50 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే "33.3 శాతం" అని దశాంశాలతో రాసిన రిపోర్టు చూస్తే నాకు నవ్వొస్తుంది. పైగా వెడల్పులో 33 శాతం అంటే నాళం అన్నివైపులా సమానంగా నొక్కుకుంటే వైశాల్యంలో 56 శాతం. రెండు సెంటర్ల రిపోర్టులు పోల్చేటప్పుడు ఒకరు వెడల్పు, ఇంకొకరు వైశాల్యం రాసి ఉంటే "ఆర్నెల్లలో పెరిగిపోయింది" అనిపిస్తుంది. ఏది కొలిచారో రాయండి. నాళం గుండ్రంగా కాక బల్లపరుపుగా నొక్కుకుంటుంది కాబట్టి బొమ్మ శుభ్రంగా ఉంటే వైశాల్యమే నమ్మదగ్గది. ఇంకోటి, ఈ నొక్కుడుని బ్లాకుల అంకెలో కలపకూడదు. గుండె సీటీ రిపోర్టులకి గ్రేడు ఇచ్చే పద్ధతి క్యాడ్-ర్యాడ్స్ 2022 రూపంలో కొవ్వుపూతకి సంబంధించని మార్పులకి "ఈ" అనే గుర్తు విడిగా ఉంది. గ్రేడు ఎగువనున్న పూతకి ఇవ్వాలి.

దిగేచోటు దూరం ఎందుకంటే, రేపు ఎగువ పూతకి స్టెంటు వెయ్యాల్సివస్తే దాని చివర సొరంగంలోకి వెళ్ళకూడదు. లోపల పడ్డ స్టెంటుని కండ రోజుకి లక్షసార్లు నొక్కుతుంది. అది నలగడం, విరగడం, మళ్ళీ మూసుకుపోవడం, పెట్టేటప్పుడు నాళం చిరగడం, అన్నీ నమోదైనవే. సర్జన్‌కి కూడా ఈ కొలతలే కావాలి. బైపాస్‌లో ఎల్ఏడీ పైకి కనబడకపోతే వెతుకుతూ వెతుకుతూ కుడి జఠరిక తెరుచుకునే ప్రమాదం ఉంది. ఏ మిల్లీమీటరు దగ్గర తేలుతుందో ముందే తెలిస్తే గాటు అక్కడే పడుతుంది.

సీటీ తర్వాత దారి లక్షణాలని బట్టి. ఏ నొప్పీ లేకుండా వేరే కారణానికి తీస్తే కనబడిన పైపై బ్రిడ్జికి మందులక్కర్లేదు. ఎగువ పూత ఉంటే దాని వైద్యం దానిదే. శ్రమలో నొప్పి ఉంటే ట్రెడ్‌మిల్, స్ట్రెస్ ఎకో, లేదా శ్రమలో రక్తప్రసరణ చూపే స్కాన్ చేయాలి, ఎందుకంటే సీటీ ఆకారం చెబుతుంది, కొరత చెప్పదు. అప్పటికీ తేలకపోతే క్యాథ్ ల్యాబ్‌లో డోబుటమిన్‌తో వేగం పెంచి నాళం లోపల పీడనం కొలుస్తారు. మామూలు ఎఫ్ఎఫ్ఆర్ (అడ్డుకి ముందూ వెనకా పీడనాల నిష్పత్తి) మొత్తం చక్రానికి సగటు తీస్తుంది. బ్రిడ్జిలో సిస్టోల్ పీడనం అసహజంగా ఎగిరి ఆ సగటుని బాగున్నట్టు చూపించవచ్చు. అందుకని డయాస్టోల్ వరకు విడిగా కొలవడం నయం.

మందుల్లో మొదటివి బీటా బ్లాకర్లు, కుదరకపోతే డిల్టియాజెమ్ లేదా వెరాపమిల్. బీటా బ్లాకర్‌తో కలిపి వెరాపమిల్ ఎవరంతట వారు వేసుకోకూడదు, గుండె వేగం మరీ పడిపోతుంది. మన ఊళ్ళల్లో ఛాతీ నొప్పి అనగానే నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో పెట్టి పంపడం అలవాటు. బ్రిడ్జి ఒక్కటే కారణమైనవాళ్ళలో ఆ నైట్రేట్ నొక్కుడుని పెంచి, గుండెని పరిగెత్తించి, నొప్పిని ఎక్కువ చేయొచ్చు. మాత్ర వేసుకున్నాక నొప్పి పెరిగిందని రోగి చెబితే కొట్టిపారేయకుండా రాసుకోండి, అదొక ఆధారం. అలాగని బ్లాకు కూడా ఉన్నవాళ్ళు, నాళం బిగుసుకునే జబ్బున్నవాళ్ళు ఇది చదివి మాత్ర పారేయకూడదు. మీ డాక్టరుని అడగండి. మందులకి లొంగని కొద్దిమందికి పైకండని చీల్చి నాళాన్ని విడిపించే ఆపరేషన్ ఉంది. సొరంగం 25 మి.మీ. కంటే పొడవో, 5 మి.మీ. కంటే లోతో అయితే బైపాస్ వైపు మొగ్గుతారు. ఆ నిర్ణయానికీ సీటీ కొలతలే కావాలి.

చివరగా సీడీ. విశాఖకో హైదరాబాదుకో రెండో అభిప్రాయానికి వెళ్ళేవాళ్ళు ఫిల్ములు, రిపోర్టు పట్టుకెళ్తారు. ఫిల్ము మీద ఉండేవి ఎంచిన నాలుగు బొమ్మలు, వాటితో అక్కడి డాక్టరు ఏమీ కొలవలేరు. సీడీలో కూడా మామూలుగా రాసిచ్చేది బాగా వచ్చిన ఒక్క డయాస్టోల్ సిరీసే. ఒక్కో బొమ్మ అర ఎంబీ, ఒక్కో దశకి 350 బొమ్మలు, అంటే దశకి 175 ఎంబీ. పది దశలూ అయితే 700 ఎంబీ సీడీలో పట్టవు, డయాస్టోల్ ఒకటి, సిస్టోల్ ఒకటి మాత్రం సుఖంగా పడతాయి. మిషన్ మెమరీ నిండగానే మూలం డేటా చెరిపేస్తారు కాబట్టి, ఆ రెండు దశలూ సీడీలో ఉన్నాయా అని కౌంటరు దగ్గర నిలబడి ఆ రోజే అడగండి.